గేటు దగ్గర కాటా

ఆ కాటా ఎక్కిన మొదటి మనిషి డైరెక్టరు విద్యాధరరావు గారు. రెండో మనిషి సన్యాసమ్మ. ఆయన ఎక్కినప్పుడు కాటాకి పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు తీశారు. ఆమె ఎక్కబోయే ముందు దండ తీసేశారు, దాని బరువు ఆమె లెక్కలో పడుతుందని.

ఆ కాటా ఉన్నది వలయ గ్రామ శిక్షణ సంస్థ గేటు దగ్గర. సంస్థ కొండ కింద, బస్సు రోడ్డుకి ఆనుకుని ఉంది. అక్కడ ఆరు నెలలు ఉంచి, అన్నం పెట్టి, ఏదీ వృథా పోని ఊరు ఎలా కట్టుకోవాలో నేర్పుతారు. వాన నీళ్ళు కందకాల్లో ఆపడం, ఒకే మడిలో నాలుగు రకాలు పండించడం, మట్టి గోడ లేపడం, వంటింటి చెత్తని ఎరువు చేయడం. ఒక్కో ఊరి మహిళా సంఘం ఒకరిని పంపాలి. వెళ్ళినవాళ్ళు శిక్షణ పూర్తి చేసి, సంస్థకి ఏమీ బాకీ లేరనే సమతుల్యతా పత్రం తెస్తే ఊరికి విత్తనాల గది కట్టిస్తారు. సన్యాసమ్మ సంఘంలో మిగతా ఆడవాళ్ళకి చంటిపిల్లలో, పాడిగేదెలో, మంచాన పడ్డ అత్తలో ఉన్నారు. సన్యాసమ్మకి పెళ్ళై ఏడాది కాలేదు. మొగుడు విశాఖపట్నంలో తాపీపని చేస్తాడు. అందుకని ఆమెను పంపారు.

కాటా రావడానికి ఒక కారణం ఉంది. సంస్థ నేలలో సారం ఏటేటా తగ్గుతోందని పరీక్షల్లో తేలింది. డైరెక్టరు గారు అన్ని దారులూ మూశారు. మామిడిపళ్ళు అతిథుల కార్లలో ఎక్కకుండా ఆపారు. ఎండుటాకు గాలికి రోడ్డు మీద పడితే ఏరి తెప్పించారు. కంచె మేసి వెళ్ళే మేకల్ని, మేసిన చోటే పెంటికలు వేసేదాకా నిలబెట్టి పంపమన్నారు. అయినా సారం తగ్గుతూనే ఉంది. చివరికి రాజధాని నుంచి సలహాదారుని పిలిపించారు. ఆయన గేటు ఎదుట కుర్చీ వేసుకుని, ఒక జట్టు వెళ్ళిపోవడం, ఇంకో జట్టు రావడం చూశాడు. వచ్చేవాళ్ళు సన్నగా వస్తున్నారు, పోయేవాళ్ళు లావుగా పోతున్నారు. సంస్థ నేల ముక్కలు ముక్కలుగా బస్సెక్కి పోతోందని ఆయన నివేదిక ఇచ్చాడు.

మర్నాడు గేటుకి ఉత్తర్వు అంటించారు.

"ఇందుమూలముగా సమస్త శిక్షణార్థులకును తెలియజేయడమేమనగా, ఆవరణలో పండినది ఆవరణకే చెందును. ఆవరణలో ప్రవేశించిన ప్రతి జీవియు ప్రవేశించిన బరువుతోనే నిష్క్రమించవలెను. అధిక బరువు సారనష్టముగా పరిగణింపబడును. ఈ విషయమున హోదా భేదము లేదు."

చివరి వాక్యం డైరెక్టరు గారు స్వయంగా చేర్చారు. సభల్లో దాన్ని రెండుసార్లు చదివేవారు.

కాటా మీద తవిటినాయుడిని పెట్టారు. అతను మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బళ్ళు తూచినవాడు. లోపలికి వచ్చేవాళ్ళ బరువు చెక్కబిళ్ళ మీద వాత పెట్టి, తాడు కట్టి, మెడలో వేసేవాడు. ప్లాస్టిక్ బిళ్ళలకి ఆవరణలో చోటు లేదు. చెక్క ఆవరణలో చెట్టుదే కాబట్టి పోయేటప్పుడు బిళ్ళ వెనక్కి ఇచ్చేయాలి.

కొత్త నిబంధన పని చేసింది. బరువు పెరిగినవాళ్ళని కందకాలు తవ్వడానికి పంపారు. దానికి పునఃసమర్పణ అని పేరు పెట్టారు. మంగలిని పిలిపించి జుట్టు తీయించారు, గోళ్ళు కత్తిరించి ఎరువు గుంటలో వేశారు. పార్వతీపురం నుంచి వచ్చిన ఒక మేస్టారు సంస్థ తిండి పడక చిక్కిపోయాడు. ఆయన విషయంలో సంస్థే బాకీ పడింది. తగ్గినంత మేరకు వానపాముల ఎరువు సంచిలో కట్టి ఆయన చేతికిచ్చారు. ఆయన అది ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్ళాడు. ఆయన పక్క సీటులో ఎవరూ కూర్చోలేదని తర్వాత ఉత్తరం రాశాడు.

గేటు ఎదుట టీ దుకాణం వాడు కొత్త వ్యాపారం మొదలుపెట్టాడు. లోపలికి పోయేవాళ్ళు ముందుగా తన దగ్గర కడుపు నిండా అరటిపళ్ళు తిని, చెంబుడు నీళ్ళు తాగి కాటా ఎక్కితే పోయేటప్పుడు సుఖపడతారని చెప్పేవాడు. కొందరికి నడుములో కట్టుకోవడానికి గుండ్రాళ్ళు అద్దెకిచ్చేవాడు. అది బయటపడ్డాక డైరెక్టరు గారు అనుబంధ ఉత్తర్వు వేశారు. ప్రవేశించేవారు సంస్థ ఇచ్చిన పంచెతోనో చీరతోనో, పరగడుపున కాటా ఎక్కవలెను.

సన్యాసమ్మ ఇవేవీ చేయలేదు. మొదటి రోజు మొదటి బస్సుకి వచ్చింది. ఉన్న బరువుతో ఎక్కింది. ఆ బరువులో తనది కానిది కూడా కొంచెం ఉందని అప్పుడు ఆమెకీ తెలియదు.

తెలిశాక వంటశాలలో ఆడవాళ్ళు సంతోషించారు. ఆమె కంచంలో దంపుడు బియ్యం అన్నం మీద ఇంకో గరిటె వేసేవారు. మునగాకు పప్పు, రాగి సంకటి, నువ్వుల ఉండలు, అన్నీ ఆవరణలో పండినవే. ఆమె తింది. పని చేసింది. మట్టిగోడ పాఠంలో తన తాపీపని మొగుడి మీద ఛలోక్తులు వేసి మిగతావాళ్ళని నవ్వించింది. ఆరు నెలలు అయ్యేసరికి ఆమెకి ఏడో నెల నడుస్తోంది.

వాళ్ళ ఇళ్ళల్లో తొలి కాన్పు పుట్టింట్లోనే. తీసుకుపోతే ఏడో నెలలో తీసుకుపోవాలి. ఎనిమిదో నెలలో కదిలించరు. తొమ్మిదో నెలలో ఆ ఘాటీ రోడ్డు మీద బస్సెక్కించరు. అంటే ఈ నెల దాటితే ఇక కదలడం లేదు.

జట్టు వెళ్ళిపోయే రోజున అందరూ వరుసగా కాటా ఎక్కారు. సన్యాసమ్మ కూడా ఎక్కింది. తవిటినాయుడు గుండు జరిపాడు. ఇంకా జరిపాడు. బిళ్ళ తిప్పి చూశాడు.

"కాటా ఒప్పుకోనేదమ్మా" అన్నాడు.

"మావా, అది నా బరువు కాదు గదా. లోపలున్నోడిది" అంది సన్యాసమ్మ.

"లోపల ఎవులున్నారో కాటా అడగదమ్మా. చెరుకు బండి తూసినప్పుడు ఎద్దులు విప్పి తూసేవోలం. ఇప్పుడు నానేటి విప్పేది?"

అతను నవ్వించడానికి అనలేదు. నిజంగానే ఆలోచిస్తున్నాడు. ఆమెను పక్కన కూర్చోబెట్టి ఆఫీసుకి కబురు పంపాడు. మిగతావాళ్ళు వెళ్ళిపోయారు.

మర్నాడు సంస్థ పాలక సంఘం సమావేశమైంది. డైరెక్టరు గారు, నేలసార విభాగాధిపతి, సముదాయ విభాగాధిపతి వెదురు కుర్చీల్లో కూర్చున్నారు. సన్యాసమ్మకి కూడా కుర్చీ వేశారు. సముదాయ నిర్ణయాల్లో ప్రభావితులు ఉండాలని నిబంధన ఉంది, వాళ్ళు మాట్లాడాలని లేదు.

"మనం సున్నితంగా ఆలోచించాలి" అన్నారు డైరెక్టరు గారు. "ఇక్కడ ప్రశ్న శిశువుది కాదు. ద్రవ్యరాశిది."

సముదాయ విభాగాధిపతి బిడ్డకి బీజం బయటినుంచి వచ్చిందని గుర్తు చేశాడు. కాబట్టి బిడ్డ దిగుమతి కిందికి రావచ్చని అతని అభిప్రాయం. నేలసార విభాగాధిపతి ఒప్పుకోలేదు. బయటి నుంచి తెచ్చిన వంగ నారు ఆవరణలో నాటితే కాయలు ఎవరివని అడిగాడు. కాయలు ఆవరణవే. నారు బయటిది, పంట ఆవరణది. ఇందులో వంగకొక న్యాయం, మనిషికొక న్యాయం ఉంటే అది పర్యావరణ దృక్పథం అనిపించుకోదు. మనుషులు ప్రకృతికి అతీతులమనుకోవడం వల్లే కదా ఇన్ని అనర్థాలు, అన్నాడు. ఆ మాటకి ముగ్గురూ తల ఊపారు.

తీర్మానం రాశారు. శిక్షణార్థి సన్యాసమ్మ నిష్క్రమించుటకు సంస్థకు అభ్యంతరము లేదు. ఆమె ప్రవేశానంతర వృద్ధి మాత్రము నిష్క్రమించరాదు.

"మరి నానెలా ఎల్లేది బాబూ?" అంది సన్యాసమ్మ.

డైరెక్టరు గారు దయగల మనిషి. ఆమె పక్కకి కుర్చీ జరుపుకుని విడమరిచి చెప్పారు. కాన్పు ఇక్కడే జరుగుతుంది. మంత్రసానిని పిలిపిస్తారు, డాక్టరమ్మ జీపులో వస్తుంది. కాన్పయ్యాక ఆమె బరువు బిళ్ళ మీది బరువుకి వస్తుంది, అప్పుడు నిరభ్యంతరంగా వెళ్ళవచ్చు. బిడ్డ మాత్రం ఉంటుంది. అది ఆవరణలో పండిన తొలి వలయ శిశువు అవుతుంది.

"పాలు ఎవులు పడతారు?"

"మీరు ఉండి పట్టవచ్చు. మీరు తినేది ఇక్కడిదే కాబట్టి పాలూ ఇక్కడివే. బిడ్డ పెరిగేకొద్దీ సంస్థ వాటా పెరుగుతుంది."

"ఎన్నాళ్ళని ఉంటాది బాబూ, బిడ్డ?"

ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడిగితే బావుండునని డైరెక్టరు గారు చాలాకాలంగా ఎదురు చూస్తున్నట్టు కనిపించారు. ఆయన కిటికీలోంచి మునగతోట వైపు చూపించారు. "ఇక్కడే పెరుగుతాడు, ఇక్కడే పని చేస్తాడు. చివరికి ఈ మట్టిలోనే కలుస్తాడు. అప్పుడు వలయం పూర్తవుతుందమ్మా."

సన్యాసమ్మ రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. పుట్టని బిడ్డకి సమాధి చోటు చూపించినవాళ్ళని ఆమె అంతకుముందు చూడలేదు. లేచి బయటికి వచ్చి, వంటశాల ఫోన్‌లో మొగుడికీ తల్లికీ కబురు చెప్పింది. పారిపోయి వచ్చేయమని మొగుడు అన్నాడు. కంచె ముళ్ళకంచె, పైగా గేటు అడ్డదారిన దాటితే ఊరి పేరు కొట్టేస్తారు, విత్తనాల గది పోతుంది. తల్లి ఎరుకమ్మ పారిపొమ్మనలేదు. వాళ్ళకి కావలసింది ఏమిటని మాత్రం అడిగింది. బరువని చెప్పింది కూతురు. సరేనని తల్లి ఫోన్ పెట్టేసింది.

మూడో రోజున ఎరుకమ్మ గేటు దగ్గర బస్సు దిగింది. బస్సు పైనుంచి కండక్టరూ క్లీనరూ కలిసి ఒక గంప దించారు. గంపలో చలిమిడి. కొత్త బియ్యం నానబోసి, దంచి, బెల్లం పాకం పట్టి, నెయ్యి వేసి చేసింది. పైన అరటిపళ్ళ అత్తం, సున్నుండలు, తమలపాకులు, పసుపు గుడ్డ. నెలలు నిండే కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చిన తల్లి అత్తవారింటికి సారె తేవాలి. వీధి వీధంతా పంచేంత తేవాలి, లేకపోతే ఆ పిల్ల ముఖం చిన్నబోతుంది. కూతురు ఉన్నది అత్తవారింట్లో కాదని ఎరుకమ్మకి తెలుసు. పిల్లను ఏ ఇంటినుంచి తీసుకెళ్తున్నామో ఆ ఇంటికే సారె అని ఆమె లెక్క. పిల్లను పంపేది లేదని మొండికేసే ఇంటిని అత్తవారిల్లని కాక ఇంకేమంటారని తవిటినాయుడితో అంది.

డైరెక్టరు గారు గేటు దాకా వచ్చి మర్యాదగా నమస్కారం పెట్టారు. ఎరుకమ్మ కూతుర్ని పంపమంది, మీ బరువు మీకు ఇస్తానంది, గంప చూపించింది. ఆయన వంగి చూసి, విచారంగా తల అడ్డంగా ఊపారు. బియ్యం ఎక్కడ పండిందో, బెల్లంలో ఏ మందు కలిపారో తెలియదు. శిశువులో ఎముక ఉంది, రక్తం ఉంది. ఇది పిండి. బయటి సారం ఆవరణ సారానికి సమానమని చెప్పే నిబంధన ఏదీ లేదు.

"నిబందన మీరే కదా బాబూ రాసేది" అంది ఎరుకమ్మ.

"రాసేవాణ్ణి కాబట్టే తప్పలేను" అన్నారాయన. ఆ మాట ఆయనకే నచ్చి, వెంట ఉన్న గుమస్తాని రాసుకోమన్నారు.

ఎరుకమ్మ ఇంటికి తిరిగిపోలేదు. గేటు బయట గంప పక్కన చాప పరుచుకుని కూర్చుంది. టీ దుకాణం వాడు ఆమెకి టీ ఇచ్చాడు. గేటు లోపల సన్యాసమ్మ కూర్చుంది. మధ్యలో కాటా. తల్లీకూతుళ్ళు ఊరి కబుర్లు చెప్పుకున్నారు. తవిటినాయుడు వినకూడదని అటు తిరిగి కూర్చుని అన్నీ విన్నాడు.

ఆ మర్నాడే సంస్థకి శుభవార్త వచ్చింది. సారనష్టం లేని తొలి సముదాయంగా జాతీయ పురస్కారం. డైరెక్టరు గారు రాజధాని వెళ్ళి అందుకోవాలి. ఆయన్ని వెంటబెట్టుకు తీసుకెళ్ళడానికి ఒక పరిశీలకురాలు కారులో వచ్చింది. పొద్దున్నే గేటు దగ్గర మామిడాకులు కట్టారు. విభాగాధిపతులు వరుసగా నిలబడ్డారు. డ్రైవరు కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

పరిశీలకురాలు గేటుకున్న ఉత్తర్వు చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగి, చాలా గొప్ప మాట అంది. డైరెక్టరు గారు కాటా ఎక్కుతుండగా ఒక ఫొటో కావాలంది. పురస్కార సభలో తెర మీద వేస్తారు.

డైరెక్టరు గారు నవ్వుతూ ఎక్కారు. ఫొటో తీశారు. తవిటినాయుడు గుండు జరిపాడు. ఇంకా జరిపాడు. గుండు కాటా దండె చివరికి వచ్చింది. అతను లోపలికి పోయి ఇంకో గుండు తెచ్చి తగిలించాడు.

ఆరు నెలల్లో సంస్థకి చాలామంది అతిథులు వచ్చారు. ప్రతి అతిథితోనూ డైరెక్టరు గారు భోజనానికి కూర్చున్నారు. ఆవరణలో పండినది రుచి చూపించడం ఆయన బాధ్యత. ఒంటరిగా తినమంటే అతిథులు మొహమాటపడతారు.

"బాబుగారు ఎల్లనేరు" అన్నాడు తవిటినాయుడు.

డైరెక్టరు గారు చెప్పులు విడిచారు. కళ్ళద్దాలు తీశారు. శాలువా తీసి గుమస్తాకి ఇచ్చారు. గుండు కదలలేదు. కాటాలో ఏదో లోపం ఉండవచ్చని అన్నారు. కాటా తప్పయితే ఇన్నాళ్ళ లెక్కలూ తప్పవుతాయి కదా, పురస్కారం ఇచ్చింది ఆ లెక్కలకే కదా అని పరిశీలకురాలు అమాయకంగా అడిగింది. కాటా సరైనదేనని డైరెక్టరు గారు వెంటనే ఒప్పుకున్నారు. కందకం తవ్వితే తగ్గవచ్చని నేలసార విభాగాధిపతి సూచించాడు. విమానం మధ్యాహ్నం.

అప్పుడు డైరెక్టరు గారి చూపు గేటు బయటికి వెళ్ళింది. చాప మీద ఎరుకమ్మ. పక్కన గంప.

ఆయన కాటా దిగకుండానే గుమస్తాని పిలిచి ఉత్తర్వు చెప్పి రాయించారు. "బయటి నుండి తేబడిన చలిమిడి మొదలగు ఆహార పదార్థములు ఆవరణ సారమునకు బరువుకు బరువు సమానముగా పరిగణింపబడును. అట్టి పదార్థమును ఆవరణకు సమర్పించి, ఏ వ్యక్తియైనను అంత మేరకు అధిక బరువుతో నిష్క్రమించవచ్చును. తక్షణమే అమలు." సంతకం పెట్టారు. ముద్ర వేయించారు. గేటుకి అంటించారు. పరిశీలకురాలు ఇది విధానంలో కొత్త మలుపు అని చప్పట్లు కొట్టింది. విభాగాధిపతులూ కొట్టారు.

"ఆ గంప ఇలా తెండి" అన్నారు డైరెక్టరు గారు.

ఎరుకమ్మ లేచింది. చీర కుచ్చిళ్ళు దులుపుకుంది. గంప మీద చెయ్యి వేసి, ఆయన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది.

"తమరికి ఎన్నో నెల బాబూ?"

టీ దుకాణం వాడు గిన్నె కింద పెట్టేశాడు. డ్రైవరు తల అటు తిప్పుకున్నాడు.

"అమ్మా, ఇది హాస్యానికి సమయం కాదు" అన్నారు డైరెక్టరు గారు.

"నానూ ఆస్యానికి సేసింది కాదు. కడుపుతో ఉన్నదానికి సేసినాను. తమరు కడుపుతో ఉంటే సెప్పండి, ఇంకో పాకం పడతాను. మా ఇంటికాడ బియ్యం ఉన్నాది. నానబెట్టి, దంచి అట్టుకొచ్చేటప్పటికి ఎల్లుండి అవుద్ది. ముందు నా కూతురు."

తవిటినాయుడు కొత్త ఉత్తర్వు దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చదివాడు. ఏ వ్యక్తియైనను అని ఉంది. అతను డైరెక్టరు గారిని కాటా దిగమని సైగ చేశాడు. ఆయన దిగారు. పరిశీలకురాలు చూస్తోంది, దిగక తప్పలేదు.

సన్యాసమ్మ ఎక్కింది. ఆమె పెరిగిన బరువుకి సరిపడా చలిమిడి తూచారు. గంపలో ఇంకా ఒక ముద్ద మిగిలింది. తవిటినాయుడు దాన్ని పసుపు గుడ్డలో కట్టి ఆమె ఒళ్ళో పెట్టాడు. దాని బరువు ఆవరణది కాదని, అది తన పూచీ అని చెప్పాడు. సమతుల్యతా పత్రం మీద ముద్ర పడింది. డైరెక్టరు గారే వేయాల్సి వచ్చింది.

ఆవరణకు దఖలైన చలిమిడిని నిబంధన ప్రకారం ఎరువు గుంటలో వేయాలి. వంటశాల ఆడవాళ్ళు గంప తీసుకెళ్ళారు. గుంట దాకా గంప వెళ్ళింది, చలిమిడి మాత్రం వెళ్ళలేదు. సారె పంచకపోతే పిల్లకి మంచిది కాదని వాళ్ళు అందరికీ తలా ఒక ముద్ద పెట్టారు. విభాగాధిపతులు తిన్నారు. గుమస్తా తిన్నాడు. డైరెక్టరు గారికి కూడా ఆకులో పెట్టి తెచ్చారు. ఆయన గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు. కారు వెళ్ళిపోయింది. పురస్కారం ఆయన తరఫున పరిశీలకురాలే అందుకుంటానంది. కాసేపు ఆకు వైపు చూసి, ఆయనా తిన్నారు.

బస్సు వచ్చింది. ఎరుకమ్మ కూతుర్ని కిటికీ పక్కన కూర్చోబెట్టింది. బస్సు కదిలాక తవిటినాయుడికి మెరిసినట్టు గుర్తొచ్చింది. సన్యాసమ్మ మెడలో బిళ్ళ తీసుకోలేదు. చెట్టు ఆవరణది, చెక్క ఆవరణది. "అమ్మా, బిళ్ళ, బిళ్ళ" అని అరుస్తూ పరిగెత్తాడు. గేటు గీత దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. అతనూ ఆరు నెలలుగా ఆ వంటశాలలోనే తింటున్నాడు. కాటా వైపు ఒకసారి చూశాడు. ఎక్కలేదు. చెయ్యి ఎత్తి ఊపాడు. సన్యాసమ్మ వీడ్కోలు చెబుతున్నాడనుకుని తనూ ఊపింది.

కాన్పు సుఖంగా అయింది. ఆడపిల్ల. పళ్ళు వచ్చే వేళకి బిళ్ళ దాని చేతికి దొరికింది. వాత పెట్టిన అంకెలు అరిగేదాకా కొరికింది. సంస్థ ఆ ఏటి నివేదికలో సారనష్టం కింద ఒకే ఒక వస్తువు చూపించారు, చెక్కబిళ్ళ ఒకటి. దాన్ని తిరిగి ఇవ్వవలసిందిగా ఎరుకమ్మ ఇంటికి తాఖీదు వచ్చింది. ఎరుకమ్మ ఆ తాఖీదుని పొయ్యి రాజెయ్యడానికి వాడింది. బూడిద కాకరపాదుకి వేసింది.